చార్లెస్ బాబేజి: లెక్కలు కట్టు యంత్రము

గత వేసవి సెలవులకు కొంచెము ముందు మా పూర్వవిద్యార్థి యొకని తండ్రి మమ్ము చూడవచ్చెను. ఆయన మిరప పండించు రైతు. కుమారుడు పాలిటెక్నిక్కులో సివిలు ఇంజనీరింగు డిప్లొమా చదువుచున్నాడు. భూమి కొలతల పాఠమున ఒకే సూత్రమును అంకెలు మాత్రము మార్చి నలువది, ఏబది మారులు లెక్క కట్టవలసి వచ్చుచున్నదట. సూత్రమును ఒక్కమారు నేర్పిన చాలునట్టి ప్రోగ్రాము కాలిక్యులేటరు కావలెనని పిల్లవాడు పట్టుపట్టెనట. దాని వెల విని తండ్రి గుండె ఝల్లుమనెను. కొనవలయునా వలదా, కొన్నచో ఏది కొనవలయును అని ఆయన అడిగెను. ఆనాడు మేమేమి చెప్పితిమో ఈ వ్యాసము చివర వ్రాయుదుము. ఆ ప్రశ్న వినినంతనే మా మనస్సున మెదలిన పేరు చార్లెస్ బాబేజి. ఒకే లెక్కను మరల మరల కట్టు శ్రమను యంత్రముపై మోపవలెనని జీవితమంతయు ధారపోసిన పురుషుడాయన. యంత్రమునకు వెల యెంత, ఆ వెలకు ఫలమేమి అను చిక్కు ఆయనను కడవరకు వదలలేదు.

ఆ కాలమున లెక్కలు కట్టుట ఎంత శ్రమయో తెలిసికొనుటకు దూరదేశము పోనక్కరలేదు. మన నర్సింహులపేట కృష్ణా గోదావరుల నడిమి దేశమున నున్నది గదా. 1819వ సంవత్సరమున జార్జి ఎవరెస్టు దొర ఈ రెండు నదుల నడిమి భూమిని త్రిభుజములుగా కొలుచుటకై హైదరాబాదునుండి బయలుదేరెను. ఆయన పైయధికారి లాంబ్టన్ అంతకు మునుపే దక్షిణమునుండి త్రిభుజముల గొలుసును మన వైపునకు తెచ్చియుండెను. అడవులలో జ్వరము సోకి ఎవరెస్టును ఆయన పరివారమును మంచము పట్టిరి, కొందరు మరణించిరి. 1820లో ఆయన ఆరోగ్యమునకై ఆఫ్రికా దక్షిణాగ్రమునకు పోవలసి వచ్చెను. ఈ కష్టము చరిత్ర పుస్తకములలో నున్నది. డేరాలో కూర్చుండి లెక్కలు కట్టినవారి కష్టమును అంతగా నెవరును చెప్పరు. త్రిభుజమున ఒక భుజమును కోణములును తెలిసినచో తక్కిన భుజములు సైను సూత్రముచే తెలియును. తెలిసిన భుజముయొక్క లాగరిథమునకు ఒక కోణపు సైను లాగరిథమును కూడవలెను. వేరొక కోణపు సైను లాగరిథమును తీసివేయవలెను. వచ్చినదానికి సరియైన సంఖ్యను మరల పట్టికలో వెదకవలెను. సూత్రమొక్కటే, త్రిభుజములు వందలు. ఇట్లు లెక్కలు కట్టు మనుష్యునకే ఆ దినములలో కంప్యూటరు అని పేరు. 1831లో సర్వే కొలువున చేరిన వంగదేశీయుడు రాధానాథ సిక్దారు అట్టి కంప్యూటరే. హిమాలయములలో మిక్కిలి ఎత్తైన శిఖరమేదో లెక్కలచే తేల్చినవాడు ఆయనయే.

ఈ కంప్యూటరులందరును అచ్చైన పట్టికలను నమ్ముకొని పని చేయుచుండిరి. పట్టికలోనే తప్పున్నచో? పట్టికలను గణించినవారు మనుష్యులు. ప్రతులు వ్రాసినవారు మనుష్యులు. అచ్చుకూటమున అక్షరములు పేర్చినవారును మనుష్యులే. మూడు చోట్లను తప్పు దొరలుటకు వీలున్నది. పట్టికలో తప్పు పడినచో నావికుని ఓడ రాతిపైకి పోవును. ఈ భయమే బాబేజిని యంత్రము వైపునకు త్రిప్పెను.

చార్లెస్ బాబేజి 1791వ సంవత్సరము డిసెంబరు 26వ తేదిని లండను నగరమున జన్మించెను. తండ్రి బెంజమిన్ బ్యాంకు వ్యాపారి, ధనవంతుడు, కొంత కఠినుడు. పిల్లవాడు చిన్ననాడు మిక్కిలి జబ్బుపడెను. ఎక్సెటరు పట్టణము చెంతనున్న ఒక బడికి పంపుచు, వాని బుద్ధికి ఎక్కువ శ్రమ కలిగింపవలదని తలిదండ్రులు ఉపాధ్యాయుని కోరిరి. ఆ ఉపాధ్యాయుడు ఆ మాట ఎంత చక్కగా పాటించెనో మేము చెప్పజాలము. పిల్లవాడు మాత్రము తన బుద్ధికి తానే శ్రమ కల్పించుకొనెను. బొమ్మ చేతికిచ్చినచో దాని లోపల ఏమున్నదో చూడనిదే వదలడు. తరువాత ఎన్‌ఫీల్డు బడిలో ఆయనకు గ్రంథాలయము దొరకెను. మరియొక బాలునితో కూడి తెల్లవారుజామున 3 గంటలకు లేచి, ఎవరికిని తెలియకుండ బీజగణితము చదువుచుండెను. బడి గంటకు ముందు లేచుటయే కష్టమనుకొను మన పిల్లలు దీనిని గమనింతురుగాక.

1810లో కేంబ్రిడ్జి చేరునప్పటికే ఆయనకు తన గురువులకంటె ఎక్కువ గణితము తెలియును. ఫ్రెంచివారు గణితమున ముందుకు సాగిపోవుచుండగా ఇంగ్లండు న్యూటను కాలపు గుర్తులనే పట్టుకొని యుండెను. 1812లో బాబేజి, జాన్ హెర్షెలు, జార్జి పీకాకు అను యువకులు కొందరితో కలసి ఒక సంఘమును స్థాపించి, ఫ్రెంచి పద్ధతులను తమ దేశమునకు తెచ్చిరి. 1814లో జార్జియానా విట్‌మోరు అను కన్యను వివాహమాడెను. 1816లో రాయలు సొసైటీ సభ్యుడయ్యెను గాని ఉద్యోగము దొరకలేదు. ఇండియాకు వచ్చు కంపెనీ ఉద్యోగులకు చదువు చెప్పు హెయిలీబరీ కళాశాలలో గణితాచార్య పదవికై యత్నించి విఫలుడయ్యెను.

1819లో ఆయన పారిసు నగరమునకు పోయి ఒక వింత చూచెను. ఫ్రెంచి విప్లవము పిదప డి ప్రోనీ అను ఇంజనీరు లాగరిథముల మహాపట్టికలను చేయించియుండెను. ఆయన పనివారిని మూడు తరగతులుగా విభజించెను. పై తరగతివారు గొప్ప గణితజ్ఞులు. వారు సూత్రమును ఎన్నుకొందురు. నడిమివారు సూత్రమునుండి మొదటి అంకెలను తీయుదురు. క్రింది తరగతిలో అరువది మందికి పైగా నుండిరి. వారికి కూడిక తీసివేతలు తప్ప మరేమియు రానక్కరలేదు. కూడికలు మాత్రమే చేయు మనుష్యులచే లాగరిథముల పట్టిక సిద్ధమైనచో, కూడికలు మాత్రమే చేయు పండ్ల చక్రములచే ఏల కాదు?

1821లో ఈ ఊహకు ప్రాణము వచ్చెను. హెర్షెలును బాబేజియు ఖగోళ సంఘమునకై ఇద్దరు కంప్యూటరులు వేరువేరుగా కట్టిన లెక్కలను ఎదురెదురుగా పెట్టుకొని సరిచూచుచుండిరి. తప్పు మీద తప్పు బయటపడెను. ఈ లెక్కలన్నియు ఆవిరియంత్రము చేసిన ఎంత బాగుండునని బాబేజి విసుగుతో తలపోసెను. విసుగున పుట్టిన తలపు విసుగుతోనే పోవుట లోకమున వాడుక. ఇది పోలేదు.

ఆ యంత్రము పనిచేయు విధమును మా తొమ్మిదవ తరగతి పిల్లలకు నల్లబల్లమీద చూపితిమి, ఇక్కడను చూపుదుము. ఏదైన నొక సంఖ్యను తీసికొని, దానిని దానిచేతనే గుణించి, ఆ సంఖ్యనే మరల కలిపి, పిదప 41 కలుపవలెను. సున్నతో మొదలుపెట్టినచో 41 వచ్చును, ఒకటికి 43, రెంటికి 47, మూటికి 53, నాలుగింటికి 61. ఇప్పుడు గుణకారమును మరచిపోయి, వచ్చిన సంఖ్యల నడిమి భేదములను చూడుడు: 2, 4, 6, 8. ఆ భేదముల నడిమి భేదము ఎల్లప్పుడును 2. కావున ఐదింటికి ఎంత వచ్చునో తెలియుటకు గుణింపనక్కరలేదు. 8కి 2 కలిపిన 10. 61కి 10 కలిపిన 71. ఆరింటికి 10కి 2 కలిపి 12. 71కి 12 కలిపి 83. ఇట్లు ఎంత దూరమైనను కేవలము కూడికలతో పోవచ్చును. మొదటి వరుసను సరిగా అమర్చి పిడి త్రిప్పుట మాత్రమే మనుష్యుని పని. పట్టికను యంత్రమే అచ్చు దిమ్మెపై ఒత్తవలెనని కూడ బాబేజి ఏర్పరచెను. అప్పుడు ప్రతి వ్రాయువాని తప్పును, అక్షరములు పేర్చువాని తప్పును రెండును తొలగును.

1822లో ఆయన చిన్న నమూనా యొకటి చేసి ఖగోళ సంఘమునకు తెలియజేసెను. మనము పైన చూపిన లెక్కనే అది 30 సంఖ్యల వరకు రెండున్నర నిమిషములలో చేసెను. సంఘమువారు ఆయనకు బంగారు పతకమునిచ్చిరి. ఆ సందర్భమున ప్రసంగించిన అధ్యక్షుడు హెన్రీ థామస్ కోల్‌బ్రూకు. బ్రహ్మగుప్త భాస్కరాచార్యుల గణితమును సంస్కృతమునుండి ఇంగ్లీషున 1817లో ప్రకటించినవాడాయనయే. 1823లో ప్రభుత్వము మొదటి విడతగా 1,500 పౌన్లిచ్చెను. పని రెండు మూడేండ్లలో ముగియునని అందరును అనుకొనిరి.

అట్లు కాలేదు. ఒకదానివలె నొకటి వేలకొలది చక్రములను ఖచ్చితముగా కోయు సాధనములు ఆనాడు లేవు. మొదట ఆ సాధనములనే చేయవలసి వచ్చెను. జోసెఫ్ క్లెమెంటు అను నేర్పరియైన పనివాడు ఆ పనికి కుదిరెను. పూర్తి యంత్రమునకు 25,000 భాగములు కావలెను. 1827వ సంవత్సరము బాబేజికి కాళరాత్రి వంటిది. ఆ యేడు తండ్రి గతించెను. ఒక కుమారుడు గతించెను. భార్య జార్జియానా గతించెను. అప్పుడే పుట్టిన శిశువును దక్కలేదు. తండ్రి ధనము చేతికి వచ్చెను గాని ఇల్లు శూన్యమయ్యెను. మిత్రులు ఆయనను ఐరోపా యాత్రకు పంపిరి. మరుసటి యేట, కేంబ్రిడ్జిలో న్యూటను కూర్చుండిన గణితాచార్య పీఠము తనకు లభించినదని ఆయన రోము నగరమున వినెను.

ఆ దుఃఖపు సంవత్సరముననే ఆయన లాగరిథముల పట్టికను అచ్చొత్తించెను. 1 మొదలు 1,08,000 వరకు గల సంఖ్యలకు లాగరిథములను పాత పట్టికలతో మరల మరల సరిచూచి ప్రకటించిన ఈ గ్రంథము చాల కాలము నిలిచెను. ఏ రంగు కాగితముపై ఏ రంగు సిరా కంటికి హాయిగా నుండునో చూచుటకై నానావర్ణముల ప్రతి యొకటి 21 సంపుటములుగా అచ్చొత్తించి చూచెను. ఇది కొందరికి పిచ్చిగా తోచవచ్చును. రాత్రి దీపము ముందర సన్నని అంకెలు చూచి కన్నులు మండినవారు మాత్రము నవ్వరు. మా అభిప్రాయమున, ఆ యంత్రము చేయలేని మేలును ఆ కాలమున లెక్కలవారికి ఈ పుస్తకము చేసెను. దాని వెల సామాన్యునికి అందునది, అది పూర్తియైనది.

యంత్రముమీద వ్యయము పెరిగిపోయెను. సాధనములెవరివి, డబ్బు ముందెవరీయవలెను అను విషయమున బాబేజికిని క్లెమెంటునకును తగవు వచ్చి 1833లో పని ఆగిపోయెను. అప్పటికి ప్రభుత్వపు సొమ్ము 17,000 పౌన్లకు పైగా ఖర్చయ్యెను. 1831లో స్టీఫెన్‌సను కంపెనీ చేసిన జాన్‌బుల్ అను రైలు ఇంజను వెల 784 పౌన్లు. అనగా ఇరువదికి పైగా రైలు ఇంజనులకు సరిపడు సొమ్ముతో చేతికి వచ్చినది యంత్రములోని ఒక ముక్క మాత్రమే. ఆ ముక్క 1832లో సిద్ధమై తప్పులేక పనిచేసెను. ఉపయోగింపని భాగములలో వేలకొలది తరువాత కరగిపోయినవి.

ఆ ముక్కను బాబేజి తన ఇంటి విందులలో అతిథులకు చూపుచుండెను. దానిలో ఒక చమత్కారమున్నది. పిడి త్రిప్పుచుండగా సంఖ్యలు ఒక నియమము చొప్పున వరుసగా వచ్చును. చూచువారు ఇంకను ఎంత కాలమైనను ఇట్లే వచ్చునని నిశ్చయించుకొనునంతలో సంఖ్య హఠాత్తుగా దూకును. ఎవరును యంత్రమును ముట్టలేదు. ఆ దూకుడు కూడ మొదటనే అమర్చినది. దీనిని ఆధారము చేసికొని 1837లో ఆయన ఒక గ్రంథము వ్రాసెను. అద్భుతములు దేవుని నియమమునకు భంగములు కావనియు, మనకు కనబడు నియమమునకు మించిన నియమమొకటి ఆదిలోనే ఏర్పడియుండుననియు ఆయన వాదము. దేవుని కార్యమును పండ్ల చక్రములతో పోల్చి ఊరకుండుట మాకు చాలదు. రోగిని చూచి కనికరపడిన ప్రభువును ఆ పోలికలో మేము కానము. అయినను, కొన్ని దినములు వరుస చూచి లోకనియమమంతయు తెలిసెననుకొను గర్వమునకు ఆ చిన్న యంత్రము మంచి సమాధానమే.

1834లో బాబేజికి ఇంతకంటె గొప్ప ఊహ కలిగెను. మొదటి యంత్రమునకు తెలిసినది ఒకే విధమైన పని. ఏ సూత్రమునైనను చెప్పినట్లు చేయు యంత్రమేల కారాదు? ఆయన ఆలోచించిన విశ్లేషణ యంత్రమున సంఖ్యలను దాచు కొట్టు ఒకటి, వానిని కూడి గుణించి భాగించు మర ఒకటి. ఏ పని తరువాత ఏ పని చేయవలెనో చెప్పుటకు రంధ్రములు పొడిచిన అట్టలు. ఈ అట్టలు మగ్గమునుండి వచ్చినవి. ఫ్రాన్సున జకార్డు అనునాయన నేతలో పూలను తీర్చుటకు వీనిని ఏర్పరచెను. ధర్మవరము పట్టుచీరల అంచులు నేయు మగ్గములపై జకార్డు అట్టలను చూచినవారు మనలో ఉందురు. అట్ట మార్చిన పువ్వు మారునట్లు, అట్ట మార్చిన లెక్క మారును. అట్టల వరుసను వెనుకకు త్రిప్పి అదే పనిని మరల చేయించవచ్చును; వచ్చిన ఫలమునుబట్టి ఈ దారియా ఆ దారియా అని యంత్రమే తేల్చుకొనవచ్చును. నేడు మనము ప్రోగ్రాము అనునది ఇదియే.

ఈ ఊహ విలువను చక్కగా గ్రహించినది కవి బైరను కుమార్తె అడా. ఆమె 1833లో తన పదునేడవ యేట బాబేజిని కలిసెను. ఇటలీ దేశస్థుడు మెనాబ్రియా ఈ యంత్రమునుగూర్చి ఫ్రెంచి భాషలో వ్రాసిన వ్యాసమును ఆమె 1843లో ఇంగ్లీషున ప్రకటించి, మూలమునకు రెండింతలకు పైగా టిప్పణములు చేర్చెను. బెర్నూలి సంఖ్యలనువానిని యంత్రము ఏ క్రమమున గణింపవలెనో అందులో అడుగు అడుగుగా పట్టిక కట్టి చూపెను. అది యంత్రమే లేని కాలమున వ్రాసిన ప్రోగ్రాము. అడా 1852లో ముప్పదియారేండ్లకే మరణించెను.

యంత్రము మాత్రము కాగితముపైనే నిలిచెను. మొదటిది ముగింపక ముందే, దానికంటె మేలైనది కనుగొంటినని బాబేజి ప్రభుత్వమునకు తెలియజేసెను. డబ్బిచ్చినవారికి ఇది ఎట్లు వినబడునో ఆలోచింపుడు. ఇల్లు కట్టుటకు ఒప్పుకొని గోడలెత్తిన మేస్త్రి, మేడ కట్టు విధము తెలిసినది, దీనిని విడిచిపెట్టుదమా అని అడిగినట్లున్నది. ప్రభుత్వము ఏండ్ల తరబడి జవాబీయక 1842లో ఇక డబ్బీయలేమని చెప్పెను. రాజఖగోళజ్ఞుడు ఎయిరీ యంత్రము నిష్ప్రయోజనమని అభిప్రాయమిచ్చెను. ప్రధానమంత్రి పీలును బాబేజి స్వయముగా కలిసి తన బాధలన్నియు ఏకరువు పెట్టెను గాని, ఆ సమావేశము కోపముతో ముగిసెను. ఆయనకు ఓర్పు తక్కువ, మాట పదును ఎక్కువ. 1847 మొదలు 1849 వరకు మొదటి యంత్రమునకు మారుగా తక్కువ భాగములతో చక్కని రెండవ యంత్రమును గీసెను. 1852లో దాని చిత్రములను ప్రభుత్వమునకు ఇచ్చివేయుదుననెను, వారు పుచ్చుకొనలేదు.

ఇక్కడ స్వీడను దేశపు తండ్రికొడుకుల కథ చెప్పవలెను. స్టాకుహోములో గెయోర్గ్ షూట్జ్ అను ముద్రాపకుడు బాబేజి యంత్రమునుగూర్చి 1834లో ఇంగ్లీషు పత్రికలో వచ్చిన వ్యాసము చదివెను. ఆయన కుమారుడు ఎడ్వర్డు విద్యార్థి. వారికి క్లెమెంటు వంటి పనివాడు లేడు. ప్రభుత్వపు ధనాగారము లేదు. కొయ్య చట్రములో, చేతికి దొరకిన సాధనములతో 1843 నాటికి ఒక నమూనాను నిలబెట్టిరి. పిదప స్వీడను ప్రభుత్వము కొంత సాయపడగా 1853లో లోహపు యంత్రము పూర్తియయ్యెను. అది 15 అంకెల సంఖ్యలతో నాలుగు వరుసల భేదములు మాత్రము చేయును, బాబేజి కోరిన ఖచ్చితము దానిలో లేదు, అప్పుడప్పుడు మొరాయించెడిది. అయినను లెక్క కట్టి అచ్చు దిమ్మె ఒత్తెడిది. 1855లో పారిసు ప్రదర్శనమున బంగారు పతకము పొందెను. 1857లో అమెరికాలోని డడ్లీ నక్షత్రశాల దానిని కొనెను. దాని ప్రతినొకదానిని లండనులో 1,200 పౌన్లకు చేయించి, జననమరణములు లెక్కించు ప్రభుత్వ కార్యాలయము వాడుకొనెను. 1864లో ప్రకటించిన ఆయుర్దాయ పట్టికలలో కొన్ని దానిపై కట్టినవే.

తాను సాధింపలేనిదానిని కొయ్య చట్రమున సాధించినవారిని చూచి బాబేజి అసూయపడునని లోకము నిరీక్షించెను. ఆయన అట్లు చేయలేదు. షూట్జులను లండనులో ఆదరించెను, వారి యంత్రమును పండితులకు చూపెను, వారికి బహుమానము రావలెనని వాదించెను. తగవులమారి అని పేరుపడిన మనుష్యుని జీవితమున ఇది మాకు మిక్కిలి ప్రియమైన ఘట్టము. షూట్జులు దానివలన ధనవంతులు కాలేదని కూడ చెప్పవలెను. ఎడ్వర్డు అప్పులతోనే పోయెను. ఆ కాలముననే ఫ్రాన్సున థామసు అనునాయన చేసిన సాధారణ గణనయంత్రము, నాలుగు పరికర్మములు తప్ప మరేమియు ఎరుగనిది, బల్లమీద పట్టునంతటిది, భీమా కంపెనీలకును కచేరీలకును వందలుగా అమ్ముడుపోయెను.

బాబేజి కడపటి యేండ్లు ఒంటరివి. కూతురు జార్జియానా 1834లోనే చనిపోయియుండెను. వీధిలో వాద్యములు వాయించు బిచ్చగాండ్రవలన తన పనికాలములో నాలుగవ వంతు పాడగుచున్నదని ఆయన మొరపెట్టెను. 1864లో వారిని అదుపు చేయు చట్టము వచ్చినప్పుడు, పోకిరివారు పని గట్టుకొని ఆయన కిటికీ క్రిందనే డప్పులు కొట్టిరి. సంత నాడు మైకుల హోరులో పాఠము చెప్పు మాకు ఆయనయందు జాలి కలుగుచున్నది. ఆ సంవత్సరమే తన జీవితమునుగూర్చి గ్రంథము ప్రకటించెను. విశ్లేషణ యంత్రపు చిత్రములను తన ఖర్చుతో దిద్దుచునే 1871 అక్టోబరు 18వ తేదిని లండనులో కన్నుమూసెను. అప్పుడాయనకు 79 ఏండ్లు.

చిత్రములును ముక్కలును చిన్న కుమారుడు హెన్రీకి దక్కినవి. ఆయన మన దేశమున సైన్యములో కొలువు చేసినవాడు. విశ్రాంతి దినములలో తండ్రి వ్రాతలను చేర్చి 1889లో ప్రకటించెను. 1910లో విశ్లేషణ యంత్రపు మరను కొంత నిర్మించి పని చేయించెను. లండను విజ్ఞానశాలవారు రెండవ యంత్రమును బాబేజి చిత్రముల ప్రకారమే, ఆయన కాలపు పనివానికి సాధ్యమైన ఖచ్చితముతోనే నిర్మించి, ఆయన పుట్టిన 200 ఏండ్లకు 1991లో గణన భాగమును ముగించిరి. అచ్చు భాగము 2002లో ముగిసెను. మొత్తము 8,000 భాగములు, 5 టన్నుల బరువు. అది 31 అంకెల వరకు తప్పులేక లెక్క కట్టినది.

ప్రోగ్రాము యంత్రము సామాన్యుని చేతికి వచ్చుటకు విద్యుత్తు కావలసివచ్చెను. 1965లో ఇటలీవారి ఒలివెట్టి బల్లయంత్రము వెల 3,200 డాలర్లు. 1974లో హ్యూలెట్ పాకార్డువారు జేబులో పట్టు యంత్రమును 795 డాలర్లకు అమ్మిరి. 100 అడుగుల ప్రోగ్రామును చిన్న అయస్కాంతపు అట్టపై దాచుకొనుట దాని విశేషము. బాబేజి అట్ట మరల వచ్చెనన్నమాట. మరుసటి యేట ఆ కంపెనీయే 49 అడుగులు పట్టు యంత్రమును 195 డాలర్లకు ఇచ్చెను. దానిని ఆర్పినచో నేర్పినదంతయు మరచెడిది. 1977లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్సువారి 50 అడుగుల యంత్రము ఇంచుమించు 80 డాలర్లకే వచ్చెను. నూరడుగుల యంత్రము వలెనా, ఏబదడుగులు చాలునా, ఆర్పినను మరవనిది కావలెనా అని ఆ దినములలో ఇంజనీరులు తమ సూత్రమును ముందర పెట్టుకొని అడుగులు లెక్కించుచుండిరి.

మేమును అదే చేసితిమి. పిల్లవాని పుస్తకము తెప్పించి చూచితిమి. ఒక్కొక్క గీతయొక్క పొడవును దాని దిశాకోణపు కొసైనుచే గుణించుట, సైనుచే గుణించుట: రెండే సూత్రములు, అడుగులు ఐదారు మించవు. దీనికి ప్రోగ్రాము యంత్రము అక్కరలేదు. సూత్రమును అక్షరములతో ఒక్కమారు వ్రాసి, ఒక మీట నొక్కినప్పుడెల్ల అక్షరముల విలువలు అడిగి జవాబు చెప్పు సౌకర్యము సాధారణ శాస్త్రీయ కాలిక్యులేటరులలోనే కొన్నింట నున్నది. వెలలో అది పిల్లవాడు కోరినదానికి చాల తక్కువ. పైగా ప్రోగ్రాము యంత్రములను పరీక్షాశాలలోనికి రానీయని చోట్లు పెక్కు. అంత వెల పెట్టి కొన్నది పరీక్షనాడు ఇంట నుండవలసివచ్చును. చదువు ముగిసి సర్వే కొలువులో చేరినపిమ్మట, నిజముగా అడుగులు పెరిగినపిమ్మట పెద్దదానిమాట చూచుకొనవచ్చునని చెప్పితిమి. రైతు సరేయని వెడలెను. పిల్లవానికి మాపై కొంత కినుక కలిగెనని తరువాత వింటిమి.

దసరా సెలవులకు వచ్చినప్పుడు వాడు ఆ చిన్న యంత్రమును తెచ్చి చూపెను. కొలతల లెక్కలు ఒక సాయంకాలమున ముగియుచున్నవట. బాబేజి చూపిన 41 లెక్కను దానికి నేర్పుమంటిమి. వాడు నేర్పి, సున్న మొదలు ఒక్కొక్క సంఖ్యనే ఇచ్చుచు పోయెను. 41, 43, 47, 53, ప్రతి జవాబును దేనిచేతను భాగింపబడని ప్రధానసంఖ్యయే. 39కి 1601 వచ్చెను, అదియు ప్రధానసంఖ్య. ఇక ఎల్లప్పుడు ఇంతేనా అని వాడు మా మొగము చూచెను. 40 ఇచ్చి చూడుమంటిమి. 1681 వచ్చెను. వాడు కాగితము తీసికొని చాలసేపు భాగించి చూచి, అది నలువదియొకటి నలువదియొకట్లని కనుగొనెను.